వార్డు హద్దులు

తెలుగు పంతులుకు తెలిసిన గీతలు గురులఘువులవి. మనుషుల్ని విడదీసే గీత మరొకటి వున్నదని నాకు 2021 మార్చి మునిసిపల్ ఎన్నికలకు ముందు తెలిసింది. ఆ ఎన్నికలకోసం మా వూళ్ళో వార్డులు తిరిగి విభజించి, ముసాయిదా ఆఫీసు గోడకు అంటించారు. కాలేజీనుంచి వస్తూ, అచ్చు కనబడితే వదలలేని జబ్బుకొద్దీ, అక్కడే నిలబడి చదివాను.

ఆ వచనం నాకు పాత చుట్టంలాగే కనిపించింది సుమండీ! ఉత్తరాన ఫలానా కాలవ, తూర్పున ఫలానా ఇంటి నంబరు మొదలు ఫలానా నంబరు వరకు. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలలో ఎల్లలు చెప్పే తీరే ఇది. సంస్కృతంలో ఠీవిగా నడిచే శాసనంలోనైనా పొలిమేరలు వచ్చేసరికి తెలుగు మాటలు దొర్లుతాయి. చెరువుకూ పుట్టకూ రైతు పిలిచే పేరే కావాలి మరి. చింతచెట్టు వుండవలసినచోట మా ముసాయిదాలో ట్రాన్స్‌ఫార్మరు వున్నది, అంతే తేడా.

వార్డులు గీయటానికి సూత్రం ఒకటే: అన్ని వార్డుల్లోనూ జనం ఇంచుమించు సమానంగా వుండాలి. పదిశాతం అటూ ఇటూ అయితే ఫరవాలేదు. ఒక కౌన్సిలరు ఆరువందలమందికీ మరొకరు మూడువేలమందికీ అయితే, రెండోచోట ఓటు విలువ అయిదోవంతే కదా. ఇందులో ఎవరికీ పేచీ లేదు. ఏనాటి జనం అన్నదే పేచీ. చివరిసారి ప్రకటించిన జనాభా లెక్కలే ప్రమాణమని రాజ్యాంగం. అంటే 2011 నాటివి. 2021లో జరగవలసినవి జరగనేలేదు. మా పడమటి కాలనీ 2011లో మినపచేను. ఆ ముసాయిదా నాటికి అన్నీ మేడలే. కాగితం ప్రకారం మాత్రం అక్కడ నరసంచారం లేదు!

నన్ను అంతకన్న బాధించింది చెరువుగట్టు కింది పేట. మూడు సందులు, ఒక్క కుళాయి, ఒక్క మురుగుకాలవ. అన్నీ షెడ్యూల్డు కులాలవారి ఇళ్ళు. సంఖ్య సరిపెట్టటానికి గీతను ఆ సందుల మధ్యనుంచి పోనిచ్చారు. కలిసివుంటే వార్డులో సగానికి దగ్గరగా వుండేవాళ్ళు, చీలిపోతే రెండుచోట్లా ఎవరికీ పట్టరు. వార్డును వారికి రిజర్వు చేయటానికి చూసేది కూడా అక్కడి వారి జనాభా నిష్పత్తినే.

పేటలో ఒక పెద్దాయన నాతో, "మాస్టారూ, కుళాయి వాళ్ళకి పోయిందండి, కాలవ మాకు మిగిలిందండి. నీళ్ళు వాళ్ళ మెంబరునీ, మురుగు మా మెంబరునీ అడగాలి కాబోలు" అన్నారు.

అభ్యంతరాలకు వారం రోజులు గడువు. ఆ రాత్రి ఆయన చెబుతూంటే నేను రాశాను. అందులో అలంకారాలు లేవు. ఇళ్ళ నంబర్లు, కుళాయి, కాలవ, మూడు సందులూ ఒకవైపు చేర్చి ఏ వీధిని అవతలికి వదిలితే లెక్క పదిశాతం దాటదో ఆ కూడిక. ఊరికే అన్యాయం, అన్యాయం అంటే ఆఫీసువారు మాత్రం ఏం చేస్తారు? వేలిముద్రలతో కలిపి నలభైయిద్దరు సంతకాలు పెట్టారు.

కోర్టుకు పోదామన్నవారూ లేకపోలేదు. కాని 1992 నాటి 73, 74 రాజ్యాంగ సవరణలు పంచాయతీలకూ మునిసిపాలిటీలకూ ప్రాణం పోస్తూనే, ఈ హద్దుల చట్టాల చెల్లుబాటును ఏ న్యాయస్థానంలోనూ ప్రశ్నించరాదన్నాయి. అందుచేత ఆ వారం రోజులే సామాన్యుడికి దక్కిన వ్యవధి. మా వూళ్ళో ఆ గోడ దగ్గర ఆగి చదివినవారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

తుది ప్రకటనలో పేట ఒక్కటైంది. అవతలికి వదలమని నేను రాసిన వీధి మాదే. మా ఆవిడ ఏమీ అనలేదు గాని, ఎదురింటి బాబాయిగారు మాత్రం నెలరోజులు పలకరించలేదు. పాత కౌన్సిలరు ఆయనకు వియ్యంకుడు. 2027 మార్చి 1 నాటి లెక్కలు అచ్చయితే పడమటి కాలనీ కాగితం మీదికి వస్తుంది, గీతలు మళ్ళీ కదులుతాయి. ఈసారి ఎవరి వీధి ధారపోస్తావోయ్ అని బాబాయిగారు ఇప్పటినుంచే అడుగుతున్నారు.