తుడిచివేయని తడబాటు

కళాకృతికి దోషరాహిత్యం ప్రధానమా, సహజస్ఫూర్తి ప్రధానమా అన్న వివాదం తెలుగు సాహిత్యలోకానికి కొత్తది కాదు. అవధాన వేదికపై పృచ్ఛకుడు అడిగిన వెంటనే పద్యం ఎత్తుకునే అవధాని, నోటినుంచి వెలువడిన పదాన్ని వెనక్కి తీసుకోలేడు. ఏకాంతంలో కావ్యం రచించే కవికి ఆ నిర్బంధం లేదు. ఒక పాదాన్ని పదిరోజులు మనసులో తిప్పుకొని పదకొండో రోజున మార్చుకోవచ్చు. సభను ఉర్రూతలూగించిన ఆశుపద్యం అచ్చులో చదివినప్పుడు ఒక్కొక్కసారి వెలవెలబోతుంది. దిద్ది తీర్చిన పద్యం నిర్దుష్టంగా ఉండి కూడా కొన్నిసార్లు ఊపిరి లేనట్టు కనిపిస్తుంది. ఈ రెంటిలో ఏది మేలన్న ప్రశ్న, పండితులు ఊహించని ఒక చోట, అంటే నాట్యశాలల్లో రికార్డులు కలిపి వినిపించే డీజేల గదిలో, ఇటీవలి దశాబ్దాలలో మళ్లీ తలెత్తింది. అక్కడ అది సిద్ధాంతచర్చగా కాక, ఒక ఎర్రమీట నొక్కాలా, నొక్కినదాన్ని చెరిపివేయాలా అన్న నిత్యసమస్యగా ఉంది.

తెలుగునాట డీజే అన్న మాటకు పెళ్లి ఊరేగింపులోనో, వినాయక నిమజ్జనంలోనో పెద్ద స్పీకర్లతో కదిలే వాహనమనే అర్థం స్థిరపడిపోయింది. వాస్తవానికి అది ఒక మనిషికి పేరు. ఇతరులు పాడి, వాయించి, ముద్రించిన రికార్డులను ఒకదాని వెంట ఒకటి తెగకుండా కలిపి, ఎదుట ఉన్న జనం నాడి చూస్తూ వినిపించేవాడు డీజే. జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టి న్యూయార్క్ చేరిన కూల్ హెర్క్, 1973 ఆగస్టు 11న బ్రాంక్స్ ప్రాంతంలోని ఒక నివాసభవనంలో తన చెల్లెలు ఏర్పాటు చేసిన విందులో రికార్డులు వినిపించాడు. పాటలో వాద్యాల దరువు మాత్రమే మిగిలే కొద్ది క్షణాల భాగానికి జనం ఎక్కువగా నాట్యం చేస్తున్నారని గమనించి, ఆ భాగాన్నే పొడిగించే పద్ధతిని అతడు ప్రచారంలోకి తెచ్చాడు. హిప్‌హాప్ సంస్కృతికి ఆ సాయంత్రాన్ని ఆరంభంగా చెప్పుకుంటారు. ఆ కళ పుట్టింది ఎదుటివారి కాళ్ల కదలికకు సమాధానంగానే కాని, భద్రపరచడానికి కాదు.

ఈ పనిలోని సూక్ష్మం తెలియనివారికి తప్పొప్పుల తగాదా అర్థం కాదు. రెండు టర్న్‌టేబుళ్లు, నడుమ ఒక మిక్సర్, చెవికి హెడ్‌ఫోన్, సంప్రదాయకమైన సామగ్రి ఇంతే. ఒక రికార్డు సభకు వినిపిస్తుండగా, తరువాతి రికార్డును హెడ్‌ఫోన్‌లో తానొక్కడే వింటూ రెంటి కాలప్రమాణాన్నీ సరిచేయాలి. మొదటిది నిమిషానికి 128 దరువులతో, రెండవది 126 దరువులతో నడుస్తుంటే, రెండవదాని వేగాన్ని దాదాపు 1.6 శాతం పెంచాలి. డీజేల ప్రామాణిక పరికరంగా పేరొందిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 రెండవ నమూనాలో, ఇరువైపులా 8 శాతం వరకు వేగం మార్చే జారుడుమీట ఇందుకే ఉంది. లెక్క అర దరువు తప్పి, ఒకటి 128గా, మరొకటి 127.5గా నడిచాయనుకుంటే, నిమిషం తిరిగేసరికి రెండు పాటలూ సరిగ్గా అర దరువు ఎడమైపోతాయి. అప్పుడు వినిపించేది లయ కాదు, రాతిబాటపై గుర్రాల పరుగు. దీన్ని చెవి పసిగట్టిన క్షణంలోనే వేలితో రికార్డు అంచును తాకి వెనక్కి లాగాలి, లేదా ముందుకు తోయాలి. నాట్యశాలలో ఈ దిద్దుబాటు ఎవరి దృష్టికీ రాదు. జనం నవ్వులలో, అడుగుల చప్పుడులో కలిసిపోతుంది.

రికార్డింగ్ మీట నొక్కగానే పరిస్థితి తారుమారవుతుంది. ఇంటిగదిలో ఒంటరిగా కూర్చొని గంటసేపటి మిక్స్ తయారుచేయబూనిన వ్యక్తిని ఊహించుకోవచ్చు. ఎదుట నాట్యం చేసేవారు లేరు. ఒక్కసారి వినిపించి గాలిలో కలిసిపోవలసిన ధ్వనిని ఇకమీదట ఎవరైనా నూరుసార్లు వినవచ్చు. నలభై ఏడవ నిమిషంలో రెండు రికార్డులు రవ్వంత ఎడమవుతాయి. అతడు నొసలు చిట్లించి, అంతా చెరిపి, మొదటినుంచి ఎత్తుకుంటాడు. రెండవసారి ముప్పయ్యో నిమిషంలో ఒక పాట కాస్త హెచ్చుస్థాయిలో ప్రవేశిస్తుంది. మళ్లీ మొదటికి. తొమ్మిదవ ప్రయత్నానికి ఏ రికార్డు తరువాత ఏది, ఏ క్షణాన ఏ మీట ఎంత జరపాలి అన్నది చేతికి కంఠస్థమైపోతుంది. అప్పుడు తప్పు జరగదు. తప్పు ఒక్కటే కాదు, మరేదీ కూడా జరగదు. మొదటిసారి ఒక పాట ముగింపులో తోచిన చిలిపి ఊహతో ఎక్కడో అడుగున ఉన్న పాత రికార్డును బయటికి లాగిన చేయి, తొమ్మిదవసారి ఆ రికార్డునే యథావిధిగా అందుకుంటుంది. ఆ ఎంపికలోని ఆశ్చర్యం వినేవాడికంటే ముందు చేసేవాడికే చచ్చిపోయింది.

ఈ చిక్కును ఎదుర్కొన్న ముగ్గురి రికార్డింగులు పరిశీలించదగినవి. మొదటిది 1981లో వెలువడిన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ రచన. 'వీల్స్ ఆఫ్ స్టీల్' అన్న మాటతో ముగిసే సుదీర్ఘనామం గల ఆ రికార్డు నిడివి సుమారు ఏడు నిమిషాలు. మూడు టర్న్‌టేబుళ్లపై షీక్, బ్లాండీ, క్వీన్ తదితర బృందాల రికార్డులను అతడు చేతితోనే కలిపాడు. ముక్కలుగా చేసి అతికించడం లేదు. తప్పు దొర్లితే మొదటినుంచి మళ్లీ మొదలుపెట్టడమే. అంటే అందులో పరిపూర్ణతా తృష్ణ ఉంది, ఆశువు నియమమూ ఉంది. ఏడు నిమిషాల పనికి ఆ క్రమశిక్షణ సాధ్యమైంది. డెబ్భై నిమిషాల మిక్స్‌కు అదే నియమం పెట్టుకుంటే మనిషి అలసిపోతాడు.

మిగిలిన రెండూ ఒకే నదికి ఇరువైపులా ఉన్న ఊళ్ల మనుషులవి కావడం విశేషం. జెఫ్ మిల్స్ అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టినవాడు. ఇంగ్లండులో పుట్టిన రిచీ హాటిన్ పెరిగింది డెట్రాయిట్ నదికి ఆవలి గట్టున, కెనడాలోని విండ్సర్‌లో. ఇద్దరూ టెక్నో సంగీతంలో ప్రసిద్ధులు. 1995లో టోక్యోలోని లిక్విడ్ రూమ్ అనే వేదికలో మిల్స్ వినిపించిన కార్యక్రమం 1996లో సీడీగా వచ్చింది. గంటకు పైబడిన ఆ రికార్డింగులో రికార్డులు ఒకదానిపై ఒకటి విరుచుకుపడినట్టు మారిపోతుంటాయి. జనం కేకలు వినిపిస్తాయి. ముల్లు తొట్రుపడిన చోట్లు, స్థాయి ఉలిక్కిపడిన చోట్లు అలాగే ఉన్నాయి. ఆ రంగంలో ఆదర్శప్రాయమైన మిక్స్‌లను పేర్కొనేటప్పుడు ఈనాటికీ దాన్ని తలచుకుంటారు.

హాటిన్ 2001లో వెలువరించిన 'డీఈ9: క్లోజర్ టు ది ఎడిట్' దీనికి పూర్తిగా వ్యతిరేకమైన దారి తొక్కింది. 100కు పైగా రికార్డులను కంప్యూటర్‌లోకి ఎక్కించి, వాటిని 300కు పైగా చిన్నచిన్న ఆవృత్తులుగా కోసి, నేతగాడు పోగులు కూర్చినట్టు ఒక గంటకు లోబడిన వస్త్రంగా నేశాడు. అందులో ఏ పాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో చెప్పడం కష్టం. తడబాటన్నది వెతికినా దొరకదు.

ఈ రెంటిలో ఏది నిజమైన మిక్స్ అని తగవులాడేవారున్నారు. చరిత్ర చదువుకున్నవారికి ఆ తగవు అసలు ప్రశ్నను పక్కదారి పట్టించినట్టు తోస్తుంది. ఏ పత్రాన్ని చేతికి తీసుకున్నా చరిత్రకారుడు ముందు అడిగేది, ఇది దేనికి సాక్ష్యం అని. మిల్స్ సీడీ ఒక రాత్రికి సాక్ష్యం. హాటిన్ సీడీ ఒక బల్ల ముందు సాగిన దీర్ఘకృషికి సాక్ష్యం. పేరులోనే కూర్పు అన్న మాటను ప్రకటించుకున్న రచన, తాను ఒక రాత్రినని నటించలేదు. కనుక రెండూ సత్యసంధమైనవే. ఇబ్బంది అంతా మూడవ రకంతో వస్తుంది. ఒక రాత్రిలా వినిపించాలని తహతహలాడుతూ, ఆ రాత్రి గుర్తులన్నీ తుడిచివేసుకున్న మిక్స్ దేనికీ సాక్ష్యం కాదు. అంతకంటే విషాదకరమైనది నాలుగవ రకం. తప్పులున్నాయన్న సంకోచంతో ఎవరికీ వినిపించకుండా చెరిపివేసినది.

సాంకేతిక పరిజ్ఞానం ఈ సంకోచాన్ని తగ్గించలేదు, పెంచింది. క్యాసెట్ల కాలంలో 90 నిమిషాల టేపుకు ఒక్కొక్క వైపు 45 నిమిషాలే ఉండేవి. టేపు అయిపోవడమే ఒక నిర్ణయం. మరొకసారి చేయాలంటే మరొక సాయంత్రం కావాలి. 2001లో వచ్చిన ఏబుల్‌టన్ లైవ్ వంటి సాఫ్ట్‌వేర్‌తో రికార్డింగ్ ముగిసిన తరువాత కూడా ప్రతి క్షణాన్నీ విడదీసి సవరించే వీలు కలిగింది. లయను యంత్రమే కలిపే మీట డీజేల పరికరాలలో సర్వసాధారణమైంది. కాలప్రమాణం తప్పే భయం తీరిపోయింది కదా అని మనసు కుదుటపడాలి. అలా జరగలేదు. ఆందోళన దరువు నుంచి స్థాయికి, స్థాయి నుంచి పాటల క్రమానికి, క్రమం నుంచి ఆరంభంలోని మొదటి క్షణపు నిశ్శబ్దానికి మారుతూ పోయింది. సవరించగలిగినంత కాలం సవరణ ముగియదు. చిత్తుప్రతిపై చిత్తుప్రతి తయారవుతూ సంతకానికి నోచుకోని దస్త్రాలు కార్యాలయాలలో ఉద్యోగులు ఎరిగినవే. అటువంటి దస్త్రాన్ని ఆపినది విషయంపై గౌరవమని పైకి చెప్పుకుంటారు. తరచి చూస్తే, తప్పుపట్టే పైవారిపై భయం కనబడుతుంది. మిక్స్ చేసేవాడికి పైవాడు తానే.

అయినంత మాత్రాన అజాగ్రత్తకు సహజస్ఫూర్తి అని ముద్దుపేరు పెట్టడం న్యాయం కాదు. అవధాని ఆశువుగా చెప్పగలగడం వెనుక ఛందస్సుతో, నిఘంటువులతో, పూర్వకావ్యాలతో ఏళ్ల తరబడి సాగిన సహవాసం ఉంది. కర్ణాటక సంగీతంలో మనోధర్మానికి చోటు దొరికేది కృతులు గొంతులో స్థిరపడిన తరువాతనే. మిల్స్ తడబాట్లను శ్రోత క్షమించడం కాదు, ఆనందించడానికి కారణం కూడా ఇదే. మరుక్షణంలో వాటిని సరిదిద్దగల చేయి అక్కడ ఉందని శ్రోతకు తెలుస్తూంటుంది. రెండు రికార్డులు నిమిషంపాటు అర దరువు ఎడంగా కొట్టుకుంటూ ఉంటే అది చేతకానితనం, దాన్ని చెరిపివేయడమే మర్యాద. రెప్పపాటులో ఎడమై, వేలి స్పర్శతో వెంటనే దారికి వచ్చిన లయ అలాంటిది కాదు. దాన్ని వింటున్నవాడికి అక్కడ ఒక మనిషి చెవి ఒగ్గి ఉన్నాడని తెలుస్తుంది. తప్పు లేని మిక్స్ దిద్దుబాటు ఫలితాన్ని మాత్రమే అందిస్తుంది. తడబాటును ఉంచుకున్న మిక్స్, దిద్దుకోవడాన్నే వినిపిస్తుంది.

కనుక సాధనకు తగిన స్థలం మీట నొక్కడానికి ముందు ఉంది. రికార్డులు ఎరిగి ఉండటం, వాటి ఆరంభాలూ ముగింపులూ చెవిలో నిలిచి ఉండటం, చేతులు అలవాటు పడటం, ఇవన్నీ ఎంత నిర్దాక్షిణ్యంగా సాధించినా తక్కువే. మీట నొక్కిన తరువాత మాత్రం ఆ సాధనను నమ్మి ముందుకు పోవాలి. అలా కాక కూర్పునే కళగా ఎంచుకున్నవాడు హాటిన్ వలె ఆ మాట బాహాటంగా చెప్పుకొని, బల్ల ముందు ఎన్ని నెలలైనా కూర్చోవచ్చు. రెండు దారులలో ఏదో ఒకటి ముందే నిర్ణయించుకోనివాడే తొమ్మిదిసార్లు చెరిపి పదోసారి విసిగి లేచిపోతాడు.

న్యూయార్క్‌లోని ప్యారడైజ్ గరాజ్ నాట్యశాల 1977 నుంచి 1987 వరకు నడిచింది. అక్కడ రికార్డులు వినిపించిన లారీ లెవాన్ 1992లో కన్నుమూశాడు. ఆ వేదికలో 1979లో రికార్డయిన అతని కార్యక్రమం 2000లో సీడీగా వెలువడింది. ఇరవై ఒక్క ఏళ్లు ఆ ధ్వని నిలిచి ఉంది. వినిపించినవాడు అప్పటికి లేడు, ఆ నాట్యశాల లేదు, అందులో ఆడినవారిలో ఎందరో లేరు. ఆ టేపును విని పెదవి విరిచి ఎవరైనా చెరిపివేసి ఉంటే, ఆ రాత్రి జరిగిందనడానికి ఉన్నవారి జ్ఞాపకాలు తప్ప వేరే ఆధారం మిగిలేది కాదు. తీర్చిదిద్దిన మిక్స్ ఏ సంవత్సరంలోనైనా, ఏ గదిలోనైనా తయారై ఉండవచ్చు. ఈ టేపుకు మాత్రం ఒక ఊరు ఉంది, ఒక సంవత్సరం ఉంది.