గాజులు తీసిన చేతులు

మా అక్క బిడ్డ మంచిర్యాలలో ఓ ప్రసూతి ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. పసిపిల్లల వార్డు గురించి రాయమని ఎడిటర్ అడగ్గానే ఆమెకే ఫోన్ చేశాను. "రా చిన్నమ్మా, గని చేతులు కడుక్కోకుంటే లోపలికి రానియ్య" అంది.

లోపల వార్మర్లున్నాయి, నీలి లైట్ల కింద కామెర్ల పిల్లలున్నారు. నేను మాత్రం తలుపు పక్కనున్న సింకు దగ్గరే ఎక్కువసేపు నిలబడిపోయాను. ఆమె గాజులు, ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టింది. చేతులు మోచేతుల దాకా తడిపి సబ్బు రాసింది. అరచేతులు, వాటి వెనక, వేళ్ల సందులు, కణుపులు, బొటనవేళ్లు, గోళ్ల కొసలు, మణికట్లు వరసగా రుద్దింది. కొళాయిని మోచేత్తో కట్టేసింది. తుడుచుకోవడానికి ఆటోక్లేవులో శుద్ధి చేసిన వార్తాపత్రిక ముక్క తీసుకుంది. రోజంతా సబ్బులో, శానిటైజర్‌లో నానే ఆ చేతుల మీద చర్మం పగిలి ఉంది. రాత్రి కొబ్బరినూనె రాసుకుంటుందట.

నెలలు నిండని బిడ్డ చర్మం ఉల్లిపొరలా ఉంటుంది. ఆ చర్మం గుండానే సూది దిగుతుంది, ముక్కులోంచి గొట్టం పోతుంది. క్రిమికి అవే దారులు. అసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియా పొడి బల్ల మీద కూడా రోజుల తరబడి బతుకుతుంది. ఢిల్లీలో మూడు పెద్ద ఆసుపత్రుల్లో జరిగిన పరిశోధన 2016లో వెలువడింది. పసిపిల్లల నెత్తురులో ఎక్కువగా కనిపించింది ఆ బ్యాక్టీరియానే. అందులో 82 శాతం ఒకటి కాదు, పలు రకాల యాంటీబయాటిక్స్‌కు లొంగనిది. సెప్సిస్ (క్రిమి సోకి ఒళ్లంతా విషమించే జబ్బు) వచ్చిన పిల్లల్లో మూడింట రెండు వంతుల మందికి అది పుట్టిన మూడు రోజుల్లోపే వచ్చింది. మందు పనిచేయని చోట మిగిలేది చేతులు కడుక్కోవడమే. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు కాన్పులు చేసే డాక్టర్ల చేత క్లోరిన్ నీళ్లతో చేతులు కడిగించి బాలింతల చావులు తగ్గించాడు. అప్పటినుంచీ తెలిసిన సంగతే ఇది.

తెలిసినా ఎందుకు జరగడం లేదో ఆ వార్డులో నిలబడితే అర్థమవుతుంది. ఒక నర్సు చేతికింద నలుగురు బిడ్డలున్నారనుకుందాం. గంటకు ఒక్కొక్కరిని నాలుగుసార్లు ముట్టుకున్నా, ముందొకసారి, తర్వాతొకసారి చొప్పున 32 సార్లు చేతులు శుభ్రం చేసుకోవాలి. శానిటైజర్‌తో ఒక్కోసారి 20 సెకన్లే పట్టినా గంటలో పది నిమిషాలు దాటుతుంది. బిడ్డలు ఎనిమిదయితే ఇరవై నిమిషాలు పైనే. అప్పుడే ఒక బిడ్డకు ఊపిరి ఆగితే ఆమె పరుగెత్తుతుంది, పరుగెత్తాలి కూడా. ఆ పరుగులో కడగని చేతికి ఆమెను తప్పుపట్టడం అన్యాయం. రెండో నర్సును వేయనివాళ్లను అడగాలి.

నేల తుడిచే ఆయమ్మలనైతే ఎవరూ లెక్కలోకే తీసుకోరు. 2022 జూలైలో గోదావరి పొంగి ఈ ఊరి మాతా శిశు ఆసుపత్రిలోకి నీళ్లు రావడంతో బాలింతలను, పిల్లలను వేరేచోటికి తరలించారు. వరద బురదంతా కడిగి ఆరబెట్టనిదే అలాంటి చోట మళ్లీ కాన్పు చేయలేరు. ఆ పని కాంట్రాక్టు కార్మికులది. సెప్సిస్‌ను ఆపేవాళ్లలో వాళ్లూ ఉన్నారు.

వరండాలో ఒక అవ్వ కోపంగా ఉంది. "మనుమడు పుట్టి నాలుగొద్దులాయె, ఒక్కపారి ఎత్తుకోనియ్యరాయె!" మా అక్క బిడ్డ ఆమె పక్కన కూర్చుంది. "అవ్వా, జెర బరువు పెరగనియ్యి. తల్లి ఎద మీద పండవెడుతున్నం గదా." ఆ మాట అవ్వకు నచ్చలేదు, నాకు మాత్రం చాలా నచ్చింది. భారత్ సహా ఐదు దేశాల్లో జరిగిన అధ్యయనం 2021లో వచ్చింది. తక్కువ బరువు పిల్లలను పుట్టిన వెంటనే తల్లి ఎదకు ఆనించి ఉంచితే చావులు నాలుగో వంతు తగ్గాయి. వార్డు క్రిముల కంటే ముందు తల్లి ఒంటి మీది మంచి క్రిములు బిడ్డకు చేరతాయి, ముర్రుపాలు అందుతాయి. మన దగ్గర పుట్టగానే తల్లి ఎదకు చేరడమే కరువు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. దగ్గర్లోని కరీంనగర్ జిల్లాలో 82.4 శాతం. కోత నొప్పితో పడుకున్న తల్లి దగ్గరికి బిడ్డ ఆలస్యంగా వస్తుంది, ఈలోపు డబ్బాపాలు వస్తాయి.

సెప్సిస్‌తో పోరు ఆసుపత్రి గోడల దగ్గరే ఆగదు. చెన్నూరు దాటి ప్రాణహిత అవతలి ఒడ్డుకు పోతే గడ్చిరోలి జిల్లా. అక్కడ అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు 39 పల్లెల్లో ఊరి ఆడవాళ్లకు పసిబిడ్డల సెప్సిస్ గుర్తుపట్టడం, ఇంజెక్షన్ ఇవ్వడం నేర్పారు. మూడేళ్లలో నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గినట్టు 1999లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. అంత సాధించింది పెద్ద భవనాలతో కాదు, ఓపికగా నేర్పించి, ఆ మనుషులను నమ్మి పని అప్పగించడంతో. ఇప్పుడు ఆశా కార్యకర్తలు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో చూడటానికి వెళ్తున్నారంటే ఆ పనే మూలం. బిడ్డ పాలు తాగడం మానేసినా, ఒళ్లు చల్లబడినా, నిమిషానికి 60కి పైగా ఊపిరి తీస్తున్నా వాళ్లే ముందు పసిగట్టాలి. బొడ్డు మీద పసుపు, బూడిద వేయొద్దని చెప్పాల్సిందీ వాళ్లే.

పసిబిడ్డ చనిపోతే సమీక్ష జరుగుతుంది. ఆ సమీక్షలో ఏ మందు ఎప్పుడిచ్చారన్న ప్రశ్నకంటే ముందు, ఆ రాత్రి ఎందరు బిడ్డలకు ఎందరు నర్సులున్నారో, సింకు దగ్గర సబ్బు ఉందో లేదో కలెక్టరు అడగాలి.