అందాజా, మన్సూబా

ఇంట్లో బగారా అన్నానికి అమ్మీ ఉప్పు అందాజాగానే వేస్తుంది. షాదీ దేగ్‌కయితే బావర్చీ ముందు సామాను చీటీ రాయిస్తాడు. సాఫ్ట్‌వేర్ పనికి ఈ రెండూ కావాలి.

మా చెల్లెలి బిడ్డ టీంలో ఒకసారి సీనియర్ సాబ్ పని సంగతి వింటూనే 'రెండ్రోజుల్లో అయిపోతుంది' అనేశాడు. అంతలో కాదని ఆమె దిల్‌కి తెలుసు. కొత్తగా చేరిన పిల్ల, ఖామోష్‌గా ఉండిపోయింది. రెండ్రోజులు రెండు వారాలయ్యాయి. నిద్ర పోగొట్టుకున్నది ఆ పిల్లే.

2001లో అమెరికాలోని యూటాలో 17 మంది కలిసి ఎజైల్ మేనిఫెస్టో రాశారు. మన్సూబాను పట్టుకు వేలాడటం కన్నా మార్పుకు తగ్గట్టు నడవడం మేలన్నారు. అలాగని మన్సూబా బేకార్ అనలేదు, దానికీ ఖద్ర్ ఉందన్నారు. ఈ రెండో మాట చాలామందికి యాద్ ఉండదు.

2002లో జేమ్స్ గ్రెనింగ్ ప్లానింగ్ పోకర్ అనే తరీఖా చెప్పాడు. పేరు అలా ఉన్నా జూదం కాదు. పని ఎంతుంటుందో ఎవరికి తోచిన అంకె కార్డు వాళ్లు బోర్లా పెడతారు. అందరూ ఒకేసారి తిప్పుతారు. అంకెల్లో బాగా తేడా వస్తే, అన్నిటికన్నా పెద్ద అంకె, చిన్న అంకె వేసినవాళ్లు వజా చెప్పాలి. మళ్లీ కార్డులు వేయాలి. అంటే దిల్ మాటకు మొదటి చోటు ఉంది, కానీ దలీల్ లేకుండా అది మన్సూబాలోకి ఎక్కదు.

తజుర్బా ఉన్నవాళ్ల దిల్ తొందరగా చెబుతుంది, తరచూ సహీగానే చెబుతుంది. అయినా రాత్రి మేలుకుని కోడ్ రాసేది ఎవరో, వాదా చేయకముందే వాళ్ల కార్డు కూడా తెరవాలి.