ఇచ్చట రాతలు చదవబడును

నాకో జబ్బుంది. ఎక్కడ ఏ అక్షరం కనబడినా చదవకుండా ముందుకి పోలేను. మిర్చి బజ్జీలు కట్టిచ్చిన కాగితం, లారీ వెనక రాసిన శాపనార్థాలు, ట్రాన్స్‌ఫార్మర్ మీద పుర్రె బొమ్మ కింద హెచ్చరిక... ఏదైనా సరే. కారు నడిపేటప్పుడు ఈ జబ్బు ప్రమాదకరం కాబట్టి ఊరెళ్ళే దారిలో స్టీరింగ్ మా ఆవిడే తీసుకుంటోంది. నేను పక్కన కూర్చుని బోర్డులు పైకి చదువుతూ ఉంటాను. ఆవిడకి ఓపిక ఎక్కువ.

జబ్బు బాగా ముదిరింది మాత్రం డబ్లిన్‌లో. ఆఫీసు పని మీద ఓ ఆర్నెల్లు అక్కడ పడేశారు. శని ఆదివారాలు ఏం చెయ్యాలో తోచక వీధులు పట్టుకు తిరిగేవాణ్ణి. ఆ ఊళ్ళో గోడలకి బోలెడన్ని పలకలు. ఫలానా ఇంట్లో ఫలానా కవి ఉండేవాడు, ఫలానా చోట ఫలానా పోరాటం జరిగింది, ఇలా. బోర్డుల మీద పైన ఐరిష్, కింద ఇంగ్లీషు. ట్రాఫిక్ సిగ్నళ్ళ కరెంటు డబ్బాల మీద కూడా బొమ్మలేయిస్తారు. అప్పర్ క్లాన్‌బ్రాసిల్ వీధిలో ఓ ఇంటి మీద పలక చూసి మాత్రం నవ్వాగలేదు. లియోపోల్డ్ బ్లూమ్ అనే ఆయన 1866లో అక్కడ పుట్టాడని దాని సారాంశం. ఆ బ్లూమ్ గారు అసలు పుట్టనేలేదు! జేమ్స్ జాయిస్ 'యులిసీస్' నవల్లో పాత్ర ఆయన. (జాయిస్ ఊహలో పుట్టాడని పలక మీదే ఒప్పుకున్నారు లెండి.) పుట్టని మనిషికి పలక పెట్టుకున్న ఊరన్నమాట అది.

ఆ ఫోటోలు చూపించి మురిసిపోతుంటే పక్క సీటు ఐరిష్ అబ్బాయి అడిగాడు, "మీ ఊరి వైపు ఇలాంటివేం ఉంటాయి?" అని. ఠక్కున "ఏమీ ఉండవు" అనేశాను. అన్నాక సిగ్గేసింది. నేను చదవడం నేర్చుకున్నదే మా దారిలో ఉన్న బోర్డుల మీద. బడి తర్వాత సంగతి.

మాది నల్లగొండ జిల్లా, మునుగోడు వైపు ఓ పల్లె. చిన్నప్పుడు నాయనమ్మతో బస్సులో వెళ్తుంటే కిటికీ సీటు నాది, పక్కన ఆమె. ఆమెకి చదువు రాదు. ప్రతి బోర్డుకీ నన్ను మోచేత్తో పొడిచేది. "ఏమ్రాసిండ్రు బిడ్డా గీడ?" నేను కూడబలుక్కుని చదివేవాణ్ణి. తప్పు చదివితే ఆమెకి తెలీదు కాబట్టి చాలా బోర్డులకి నేనే సొంత కవిత్వం చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. అలాగని ఆమెకి ఏమీ రాదనుకునేరు. రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళని తలకాయ రంగుని బట్టి చదివేది. పసుపు తలకాయ అంటే బెజవాడ రోడ్డు, ఆకుపచ్చ తలకాయ అంటే మన దిక్కు మళ్ళినట్టు. జాతీయ రహదారికి పసుపు, రాష్ట్ర రహదారికి ఆకుపచ్చ అన్న సంగతి నాకు ఇంజనీరింగులో చేరాక తెలిసింది.

ఆ బెజవాడ రోడ్డు సంగతే చూడండి. 2010లో జాతీయ రహదారుల నంబర్లన్నీ మార్చినప్పుడు తొమ్మిది కాస్తా అరవై ఐదు అయింది. మా ఇంట్లో ఇప్పటికీ "నైన్ హైవే" అనే అంటారు. హైవే పక్క దాబాలూ మెకానిక్ షాపుల బోర్డుల మీద కూడా పాత నంబరు చాలా ఏళ్ళు అలాగే ఉండిపోయింది. కోడు మార్చి కామెంటు మార్చని ప్రోగ్రామరు మన ఆఫీసుల్లోనే కాదు, రోడ్ల మీదా ఉన్నాడు.

బండి నంబర్ ప్లేట్లయితే పూర్తి వర్షన్ హిస్టరీ. నా మొదటి బైకు ఏపీ 24. ఉద్యమం రోజుల్లో, 2009 చివర్న మొదలై, మా వైపు కుర్రాళ్ళు 'ఏపీ' చెరిపి 'టీజీ' అని రాసుకునేవాళ్ళు. పోలీసులు ఆపితే ఆపనీ అని. 2014లో రాష్ట్రం వచ్చాక సర్కారు 'టీఎస్' అంది. 2024 మార్చిలో మళ్ళీ 'టీజీ' చేసింది. మా కజిన్ ఒకడు 2010లో పెయింటుతో రాసిన ప్లేటుని అటక మీద దాచుకున్నాడు. పద్నాలుగేళ్ళ తర్వాత రోల్‌బ్యాక్ అయిందని వాడి ఆనందం ఇంతా అంతా కాదు. 2016 అక్టోబరు 11న జిల్లాలు ముక్కలయ్యాక ఊళ్ళ బోర్డుల మీదా అదే గోల. సూర్యాపేట, భువనగిరి విడిపోయాయి. పాత జిల్లా పేరు మీద తెల్ల రంగు కొట్టి కొత్తది రాస్తే, ఎండకి పైది పల్చబడి కిందిది బయటపడుతుంటుంది.

చౌటుప్పల్ దగ్గర మేం కుడికి తిరుగుతాం. తిరక్కుండా తిన్నగా పోతే చిట్యాల మండలంలో గుండ్రాంపల్లి వస్తుంది. రజాకార్ల కాలంలో ఊచకోత చూసిన ఊరు. అక్కడా, మా జిల్లాలో ఇంకా ఎన్నో ఊళ్ళ నడిమధ్యనా ఎర్ర స్తూపాలు కనిపిస్తాయి. పైన సుత్తీ కొడవలి, కింద పేర్లు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయిన దగ్గర్నుంచి 1951లో పోరాటం విరమించేదాకా పోయినవాళ్ళవి. వాటి ముందు నుంచి బస్సు పోతుంటే నాయనమ్మ దణ్ణం పెట్టుకునేది. "గుడి కాదే అది" అంటే, "నాకెరుకలేరా, నువ్వు పేర్లు సదువు" అనేది. బస్సు ఆగదు, పేర్లేమో చిన్నవి, రెండు మూడు కంటే ఎప్పుడూ అందేవి కావు. ఆమె ఏ పేరు కోసం అడిగేదో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆమె లేదు.

మా అత్తగారిది పాలమూరు. ఇంటి బయట మహబూబ్‌నగర్, ఇంట్లో పాలమూరు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద 1890 డిసెంబరు 4న ఆ పేరు పెట్టారట. నూట ముప్ఫై ఏళ్ళు దాటినా మా అత్తమ్మ నోటికింకా అలవాటు కాలేదు. పిల్లలమర్రి కూడా రెండుంది మాకు. సూర్యాపేట పక్కన పిల్లలమర్రి అంటే కాకతీయుల నాటి గుళ్ళు, శాసనాలు. పాలమూరు పిల్లలమర్రి అంటే మర్రిచెట్టు. చెదలు పట్టిన ఆ చెట్టుకి 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించారు, ఆస్పత్రిలో పేషెంటుకి ఎక్కించినట్టే. పెళ్ళైన కొత్తలో "పిల్లలమర్రికి పోదాం" అని మా ఆవిడా నేనూ ఒకే మాట అనుకుని, ఆవిడ చెట్టునీ నేను శాసనాన్నీ మనసులో పెట్టుకుని పోట్లాడుకున్నాం.

అన్నిటికంటే పాత బోర్డు చూడాలంటే కృష్ణ ఒడ్డున ముడుమాలు వెళ్ళాలి, ఇప్పుడది నారాయణపేట జిల్లా. మనిషికి రెండింతలున్న నిలువు రాళ్ళు, వేల ఏళ్ళ నాటివి. అక్కడ ఓ బండ మీద చిన్న చిన్న గుంటలు తొలిచి సప్తర్షి మండలం గీశారని పరిశోధకులు చెబుతారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. అక్షరం పుట్టకముందు రాత కాబట్టి నా జబ్బుకి అక్కడ మందు లేదు. ఊరికే నిలబడి చూశాను.

పాలమూరులో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం బస్సు బోర్డు. నారాయణపేట, కోస్గి వైపు నుంచి ముంబైకి ఏళ్ళ తరబడి ఆర్టీసీ బస్సులు నడిచాయి. అంత చిన్న ఊరి బస్టాండులో 'ముంబై' అన్న బోర్డు చూస్తే ముందు తమాషాగా ఉంటుంది, తర్వాత ఉండదు. అవి టూరిస్టు బస్సులు కావు. వానల్లేక వలసపోయే జనానివి. డ్యాములు కట్టడానికి, కాలవలు తవ్వడానికి దేశమంతా తిరిగిన పాలమూరు లేబరు వీళ్ళే. మా అత్తమ్మ వాళ్ళ పెదనాన్న కూడా అలా పోయినవాడే. "చదువు రానోళ్ళు బస్సు ఎట్ల గుర్తుపడుదురు అత్తమ్మా?" అని అడిగాను. ఆవిడ నన్ను జాలిగా చూసింది. "మూటలు సూసి. ఏ బస్సు మీద మూటలు ఎక్కువుంటే గది బొంబాయి."

ఆ మాటతో నాకు మా ఊరి బోరింగు గుర్తొచ్చింది. నిజానికి ఇంతసేపూ తిరిగి తిరిగి దాని దగ్గరికే వస్తున్నాను.

మా వాడకట్టులో ఒక బోరింగు ఉండేది. నేను మూడో తరగతిలో ఉండగా ఎవరో జీపులో వచ్చి దానికి ఎర్ర రంగు వేసి, పక్కన ఓ రేకు బోర్డు పాతి వెళ్ళారు. 'ఈ నీరు త్రాగుటకు పనికిరాదు.' ఫ్లోరైడు. లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు, మా వైపు బోర్లలో దాన్ని ఎన్నో రెట్లు దాటింది. నాయనమ్మ బిందె దించి అలవాటుగా నన్ను అడిగింది, ఏమ్రాసిండ్రని. ఈసారి సొంత కవిత్వం ఏమీ కలపకుండా ఉన్నదున్నట్టు చదివాను. ఆమె కాసేపు బోర్డు కేసి చూసి, "మరి ఏం తాగాల్నో రాయలేదా?" అంది.

రాయలేదని చెప్పాను. ఆమె బోరింగు కొట్టి బిందె నింపుకుంది. ఊరంతా అలాగే నింపుకుంది. అప్పటికే ఆమె నడుం వంగింది, మోకాళ్ళు బిగుసుకుపోయాయి. పోయేనాటికి తలెత్తి బోర్డు చూడగలిగే స్థితిలో లేదు.

అలాగని దిక్కూ మొక్కూ లేని ఎడారేమీ కాదు మాది. నాగార్జునసాగర్ మా జిల్లాలోనే ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. హైదరాబాదుకి కృష్ణా నీళ్ళు తెచ్చే పైపులు 2004 నుంచీ మా జిల్లా మీదుగానే పోతున్నాయి. మన ఆఫీసుల వాటర్ కూలర్లలో ఆ నీళ్ళు ఎన్ని తాగానో. పటికా సున్నం కలిపి నీళ్ళలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని నాగపూరు నీరీ వాళ్ళు డెబ్భైల్లో కనిపెట్టారు. దాని పేరే 'నల్గొండ టెక్నిక్'. ఇథియోపియా, టాంజానియాల దాకా వెళ్ళింది. మా వాడకట్టుకి రాలేదు.

నాకేం కాలేదా అంటే, పళ్ళు. గోధుమ రంగు గార చారలు. ఏ ఐడీ కార్డు ఫోటోలోనూ నేను నవ్వను. డబ్లిన్‌లో ఓ రోజు పంటి నొప్పికి డెంటిస్టు దగ్గరికి పోతే ఆవిడ వాటిని చూసి ఏ ఊరు అని అడిగింది, చెప్పాను. మాటల్లో తేలిందేమిటంటే ఐర్లండులో కుళాయి నీళ్ళలో ప్రభుత్వమే ఫ్లోరైడు కలుపుతుంది, 1964 నుంచీ! పళ్ళు పుచ్చకుండా. లీటరుకి ఒక మిల్లీగ్రాము లోపే, లెక్క ప్రకారం. తప్పేమీ లేదు, నాకూ అర్థమైంది. కానీ ఆవిడ పుక్కిలించమని ఇచ్చిన గ్లాసు చేతిలో పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను.

2015 జూన్‌లో చౌటుప్పల్‌లో మంచినీళ్ళ పథకానికి పెద్ద పైలాన్ కట్టారు, తర్వాత దానికే మిషన్ భగీరథ అని పేరొచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో నల్లా ఉంది, కృష్ణా నీళ్ళొస్తాయి. పైలాన్ మీద రాసిందంతా కారాపి మరీ చదివాను. మొన్న సంక్రాంతికి వెళ్తే బోరింగు లేదు. సిమెంటు గద్దె, బోర్డు పాతిన గొట్టం మొదలు మిగిలాయి. వెనక గోడ మీద పత్తి విత్తనాల ప్రకటన.

అక్కడ ఓ చిన్న బోర్డు పెట్టిద్దామని బుద్ధి పుట్టింది. పుట్టని బ్లూమ్‌కి ఉన్నప్పుడు, పుట్టి ఆ నీళ్ళు తాగి నడుం వంగిపోయినవాళ్ళకి ఒకటి ఉంటే ఏం పోయింది? చౌటుప్పల్‌లో చేత్తో బోర్డులు రాసే పెయింటరొకాయన్ని వెతికి పట్టుకున్నాను. "అందరు ఫ్లెక్సీలే గొట్టిస్తుండ్రు సార్, మీరేంది" అని ఆశ్చర్యపోయాడు. అక్షరానికింత అని రేటు చెప్పాడు, ఒత్తులకి పైసల్లేవట. "ఏం రాయాలె?" అన్నాడు.

ఇంటికొచ్చి కాగితం మీద మొదలుపెట్టాను. మొదటి మాటే 'ఇచ్చట' అని పడింది. కొట్టేశాను. నాయనమ్మ పేరొక్కటే రాద్దామంటే పక్కింటి ఆమెదీ రాయాలి, ఎదురింటి తాతదీ రాయాలి, వాడకట్టంతా రాయాలి. నీళ్ళ గురించి రాద్దామంటే మళ్ళీ ఆ రేకు బోర్డులాగే తయారవుతోంది. నెల దాటింది. నిన్న ఆయనే ఫోన్ చేశాడు, "సార్, మ్యాటర్ పంపలే?" అని.

రేపు పంపుతానన్నాను.