ప్రేమ నాన్నది, చీపురు అమ్మది

ఇల్లు కట్టుకున్న ప్రతివాడికీ ఇంటిముందు ఒక చెట్టు కావాలి. కాకపోతే రిక్వైర్‌మెంట్ల లిస్టు కొంచెం పెద్దది. త్వరగా పెరగాలి, ఏడాదంతా పచ్చగా ఉండాలి, ఆకు రాలకూడదు, కాయ పడకూడదు, పురుగు రాకూడదు, పిట్టలు వాలి కారు మీద రెట్ట వెయ్యకూడదు. ఇది చెట్టు కాదు బాబూ, వాల్‌పేపర్!

నిజానికి ఈ లిస్టుకి చాలా దగ్గరగా వచ్చే చెట్టొకటి దొరికింది మనవాళ్ళకి. కోనోకార్పస్. గేటెడ్ కమ్యూనిటీ గోడల వెంబడి, రోడ్ల మధ్య డివైడర్లలో నున్నగా, నిటారుగా కనిపిస్తుందే, అదే. నాటినన్నాళ్ళు నాటారు. తర్వాత వేళ్ళు డ్రైనేజీ పైపుల్లోకి, కేబుళ్ళలోకి పోతున్నాయని, పుప్పొడికి దగ్గూ ఆయాసం వస్తున్నాయని గోల మొదలైంది. గుజరాత్ ప్రభుత్వమైతే 2023లో ఈ కారణాలే చెప్పి దీన్ని నాటొద్దని నిషేధం పెట్టింది. విశాఖలోనూ ఇలాంటి కథే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి చెట్లు కూలిపోయాక, మళ్ళీ త్వరగా పచ్చబడాలని ఏడాకులపాల మొక్కలు విరివిగా వేశారు. ఇప్పుడవి చలికాలం మొదట్లో పూస్తే, ఆ ఘాటుకి తట్టుకోలేక కొట్టెయ్యమని అడిగేవాళ్ళు తయారయ్యారు. అంటే చెత్త లేని చెట్టంటూ ఉండదు. కొన్నిటి చెత్త కంటికి కనిపిస్తుంది, కొన్నిటిది కనిపించదు, అంతే తేడా.

మాది వనస్థలిపురం వైపు 200 గజాల ఇల్లు. నాన్న వేసిన చెట్లు మూడు. గేటు దగ్గర వేప, పక్క సందులో నేరేడు, వెనకాల మునగ. మూడూ లెగసీ కోడ్ లాంటివే. రాసినవాడికి తప్ప ఎవరికీ ముద్దు రావు, ముట్టుకుంటే ఏదో ఒకటి విరుగుతుంది.

మునగ సంగతి అక్షరాలా అంతే. మనిషిని మునగచెట్టెక్కించడం అన్న మాట ఊరికే రాలేదు, గట్టి గాలి వీస్తే చాలు కొమ్మ ఫెళ్ళుమంటుంది. వానలు పడ్డాక గొంగళిపురుగులు. పగలంతా మానుకి గుంపులు గుంపులుగా అంటుకుని పడుకుంటాయి, రాత్రిపూట పైకెక్కి ఆకు తింటాయి. ఆ పక్కన ఆరేసిన బట్ట తొడుక్కున్నామా, రోజంతా దురదే. ఇక వేప ఫిబ్రవరి, మార్చిల్లో ఆకంతా దులిపేసుకుంటుంది. ఉగాదికి పూత, ఎండాకాలం చివర పళ్ళు. మేడ మీద నీళ్ళు పోయే గొట్టాల్లో ఆకు ఇరుక్కుని, తొలకరికి మా మెట్ల గది చిన్న చెరువు. నేరేడు గురించి చెప్పేదేముంది, జూన్ అంతా సందు ఊదారంగే. పక్కింటి అంకుల్ గారి తెల్ల కారుతో సహా.

ఆ అంకుల్ రెండుసార్లు వచ్చి మర్యాదగానే అడిగారు, చెట్టు తీసేయించమని. నాన్న దగ్గర దానికి జవాబు రెడీగా ఉంటుంది. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం, సొంత పెరట్లో పెంచుకున్నదైనా మానుగా ఎదిగాక కొట్టాలంటే అనుమతి కావాలండీ అంటారు. చట్టం మాట నిజమే, కానీ నాన్న దాన్ని వాడేది కవచంలాగా.

ఆయన మొండితనం వల్ల మేలు కూడా జరిగింది లెండి. 2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు కొసల నుంచి మాడిపోయాయి, గుర్తుందా? ఫంగస్ తెగులు. మా వేప కూడా తుప్పు పట్టినట్టు ఎండిపోయింది. చెట్లు కొట్టే మనిషి చూసి, 'ఇది అయిపోయింది సార్, తీసేద్దాం' అన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. ఎండిన రెమ్మలు మాత్రం కత్తిరించి ఊరుకున్నారు. నాలుగైదు నెలలకి ఎర్రటి చిగురు వేసింది. మా వీధిలో మరో రెండు వేపలు అప్పటికే కట్టెలైపోయాయి.

ఇంతవరకూ ఇది నాన్న కథ. నలుగురికీ చెబితే మెచ్చుకునే కథ. చెట్ల మీద ప్రేమ, పర్యావరణం, పిట్టలు, అన్నీ ఉన్నాయి. కానీ పొద్దున్నే ఐదున్నరకి వినిపించే చీపురు చప్పుడు ఇందులో లేదు. అది అమ్మది. పాతికేళ్ళుగా ఆ మూడు చెట్ల ఆన్‌కాల్ డ్యూటీ ఆవిడదే, రొటేషన్ లేదు, కాంప్ ఆఫ్ లేదు.

2023 జూన్‌లో ఆ సందులోనే కుళ్ళిన నేరేడు పళ్ళ మీద జారి అమ్మ మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆ ఆరు వారాలూ నాన్నా నేనూ ఊడ్చాం. ఊడ్చి గేటు దాకా వెళ్ళి వెనక్కి చూస్తే మళ్ళీ పళ్ళు. మూడో వారంలో నాన్న నడుం పట్టుకుని మెట్ల మీద కూర్చుని, 'దీన్ని రోజూ ఎలా చేసిందిరా మీ అమ్మ' అన్నారు.

కట్టు విప్పిన రోజు అంకుల్ మూడోసారి వచ్చారు. నాన్న వాల్టా అనేలోపే అమ్మ అందుకుంది. 'ఏవండీ, ఊడ్చేదాన్ని నేను. ఏది ఉండాలో నేను చెప్తాను.'

అందరం అన్నీ తీసేయమంటుందనే అనుకున్నాం. అమ్మ లెక్క వేరు. మునగని ఏటా కాపు అయిపోగానే ఛాతీ ఎత్తుకి కొట్టాలి. అది ఎంత కొట్టినా చిగురిస్తుంది, కాయ చేతికందుతుంది, పురుగు పడితే కనిపిస్తుంది. వేప జోలికి వెళ్ళొద్దు, కానీ వానలకి ముందే మేడ గొట్టాలు శుభ్రం చేసే పని నాది. నేరేడుకి సందు మీదికీ అంకుల్ వైపుకీ వాలిన కొమ్మలు తీసేయాలి, మిగతా దానికి కాయ సమయంలో కింద వల కట్టాలి. ముందు వాకిలి నాన్న ఊడ్చాలి.

బాగా కాసేవి ఆ వాలిన కొమ్మలే. కొట్టిన రోజు నాన్న బయటికి రాలేదు. మధ్యాహ్నం అన్నం కూడా ఆలస్యంగానే తిన్నారు. ఇప్పటికీ ఆ వైపు బోసిగానే ఉంటుంది, కాయ సగానికి పడిపోయింది. అయినా వాకిలి మాత్రం రోజూ ఆయనే ఊడుస్తున్నారు, కొంచెం లేటుగా, రేడియో పెట్టుకుని.

మొన్న మా టీమ్‌లో కొత్తగా విల్లా కొన్నతను ఏ చెట్టు వెయ్యమంటావని అడిగాడు. గోడకీ పైపులకీ ఎంత దూరం, ఏ నెలలో ఏం రాలుస్తుంది, ఊడ్చేదెవరు, ఈ మూడూ చూసుకుని ఏదైనా వేసుకో అన్నాను. మొదటి రెండూ నోట్ చేసుకుని, 'ఊడ్చేది పనామె కదా' అన్నాడు.

అయితే ఆవిణ్ణే అడుగు అన్నాను. అడిగాడో లేదో ఇంకా చెప్పలేదు.