బాబా సెహగల్ రెండో రాక

1992లో ‘ఠండా ఠండా పానీ’ ఆల్బమ్‌తో హిందీ ర్యాప్‌ను ఇంటింటికీ చేర్చిన గాయకుడు బాబా సెహగల్. లక్నోలో పుట్టి, ఇంజినీరింగ్ చదివి, కేబుల్ టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో పాటకు మాట నడక ఇచ్చారు. తెలుగువారికి ఆ గొంతు బాగా దగ్గరైంది 2008లో, దేవిశ్రీ ప్రసాద్ స్వరపరచిన ‘జల్సా’ టైటిల్ పాటతో. పలుకులో ఉత్తరాది యాస దాగదు. ఆ పాటకు అందం కూడా అదే.

క్యాసెట్ల కాలం పోయాక యూట్యూబ్ ఆయనకు మళ్లీ వేదికైంది. కొత్త పాటలు చిన్నవి. తిండి, వ్యాయామం, 2016లో ట్రంప్ ఎన్నిక, ఏదైనా వాటికి వస్తువే. తొలి ఆల్బమ్‌లోని నిండుదనం వీటిలో లేదన్నది నిజం. కానీ తాళం మీద పట్టు సడలలేదు, పాడటంలోని సంతోషమూ తగ్గలేదు.

హైదరాబాద్ శివారున ఇంజినీరింగ్ కాలేజీలున్న ఘట్‌కేసర్‌లో నేటి కుర్రకారుకు ర్యాప్ అంటే రోల్ రైడా లాంటి హైదరాబాదీల తెలుగు పాట. ఉప్పల్ నుంచి అక్కడికి బస్సెక్కే నడివయసు అభిమానికి మాత్రం సెహగల్ కొత్త పాట వినగానే దూరదర్శన్ దాటి మొదటిసారి ఛానల్ మార్చిన సాయంత్రాలు గుర్తొస్తాయి. పాట గొప్పదా కాదా అన్న లెక్క అప్పుడు రెండోది. ఆ మనిషి ఇంకా పాడుతున్నాడన్నదే మొదటిది.