బటన్ లేని పన్ను

ఈసారి బక్రీద్‌కి నాలుగు రోజుల ముందే మా ఆపా కూతురు హైదరాబాద్ నుంచి వచ్చింది. బీడీఎస్ రెండో సంవత్సరం. ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్లో రైలు దిగి, ఆటోలో ఇల్లు చేరి, అందరికీ సలాం చెప్పి, బుర్ఖా తీసిందో లేదో ముచ్చట మొదలుపెట్టింది. "ఖాలా, పన్ను లేకుండానే పన్ను తొలిచాను!"

వాళ్ల కాలేజీకి వర్చువల్ రియాలిటీ మెషీన్ ఒకటి చూపించడానికి తెచ్చారట. కళ్లకి త్రీడీ అద్దాలు, చేతిలో డ్రిల్లు పిడి, కాలి కింద పెడల్. ఎదురుగా పన్ను పెద్దగా కనిపిస్తుంది. డ్రిల్లు ఆనించగానే చేతికి నిజంగానే తగులుతుందట. పిడి వెనక మోటార్లుండి చేతిని వెనక్కి నెడతాయి. పైనున్న ఎనామిల్ దగ్గర గట్టిగా, లోపలి డెంటిన్ దగ్గర కాస్త తక్కువగా, పుచ్చిన చోట మెత్తగా. ఆమ్‌స్టర్‌డామ్ డెంటల్ కాలేజీ వాళ్లతో కలిసి మూగ్ అనే కంపెనీ చేసిన సిమోడాంట్ కూడా ఇలాంటిదే.

"మరి నరం దాకా పోతే?" అన్నాను.

"పోయాను కదా, మూడుసార్లు! బటన్ నొక్కితే కొత్త పన్ను వచ్చేసింది."

అందరం నవ్వాం. తఖ్త్ మీద కూర్చున్న అబ్బా మాత్రం నవ్వలేదు. "మాకు అల్లా రెండుసార్లే ఇచ్చాడు బేటా. పాలపళ్లు ఒకసారి, ఇవి ఒకసారి. బటన్ ఎక్కడుంది?"

ఆయన సంగతి ఆ పిల్లకి తెలియదు. చాలా ఏళ్ల కింద పన్ను దర్ద్ భరించలేక పట్నంలో ఒక పెద్దాసుపత్రికి పోయారు. ఫీజు లేదు. పెద్ద డాక్టర్ సాబ్ దూరంగా ఉన్నాడు, పటకారు పట్టింది నేర్చుకునే కుర్రాడు. పుచ్చిన పన్ను అక్కడే ఉండి, పక్కనున్న మంచి పన్ను ఊడొచ్చింది. ఆ అబ్బాయి చేతులు గజగజ వణికాయట. నోట్లో రక్తంతోనే అబ్బా "కోయీ బాత్ నహీ బేటా" అన్నారట. ఇంటికొచ్చాక అమ్మీతో ఒక్క మాటే అన్నారు: "గరీబోడి నోరు మద్రసా అయిపోయింది." ఆ ఎడమ పక్క ఇప్పటికీ నమలరు.

నేర్చుకునే చెయ్యి ఎక్కడో ఒకచోట తప్పు చేయక తప్పదు. ఎవరి నోట్లో చేయాలన్నదే మస్లా. బొమ్మ తల మీద నేర్పే పద్ధతిని ఆస్వాల్డ్ ఫెర్గస్ అనే డాక్టర్ 1894లోనే తెచ్చాడు. మా పిల్ల ఇప్పటికీ ఎక్కువ మష్క్ చేసేది ప్లాస్టిక్ పళ్లు బిగించిన అలాంటి తల మీదే. మన దేశంలో మొదటి డెంటల్ కాలేజీని 1920లో కలకత్తాలో పెట్టింది డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ సాబ్. ఫాతిమా జిన్నా అక్కడే చదివి, 1923లో బొంబాయిలో క్లినిక్ తెరిచారు. ఆడపిల్లకి పళ్ల డాక్టరీ ఏమిటన్న రిష్తేదారులకి మా ఆపా ఇచ్చే జవాబు ఇదే.

అరఫా రాత్రి ఆ పిల్లే నా చేతికి మెహందీ పెట్టింది. "చూడు ఖాలా, చిటికెన వేలు ఆనించకపోతే గీత వంకర పోతుంది కదా. మాకూ అంతే. ఉంగరం వేలు పక్క పన్ను మీద ఆనించాలి, డ్రిల్లు జారకుండా." పై పళ్లు నేరుగా కనపడవట. చిన్న అద్దంలో చూస్తూ తొలవాలి, అంతా ఉల్టా. అద్దంలో చూసి సుర్మా పెట్టుకోబోయి కంట్లో పొడుచుకున్న రోజులు గుర్తొచ్చాయి నాకు. ఈ హునర్ చెబితే రాదు, వందసార్లు చేస్తే చేతికి వస్తుంది. ఆ వందసార్లూ మెషీన్ విసుక్కోకుండా చేయిస్తుంది, ఎంత ఎక్కువ తొలిచావో లెక్క కూడా చూపిస్తుంది. కానీ అక్కడ నాలుక అడ్డం రాదు. ఉమ్మి ఊరదు. కుర్చీ పట్టుకుని ఎవరూ బిగుసుకుపోరు.

ఇషా తర్వాత అబ్బా పన్ను కథ ఆమెకి చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వెళ్లి తఖ్త్ పక్కన కూర్చుంది.

"నానా, చూడనా?"

"తొలవవు కదా?"

"ఇంకా ఇజాజత్ లేదు నానా. మూడో సంవత్సరంలోనే మరీజులు. ఊరికే చూస్తా."

నేను ఫోన్ టార్చి పట్టుకున్నాను. చెంచా కడుక్కొచ్చింది. "నొప్పయితే చెయ్యి ఎత్తండి, ఆపేస్తా."

అబ్బా నోరు తెరిచారు. చెంచా పెదవికి తగలగానే చెయ్యి ఎత్తేశారు. ఆమె చటుక్కున ఆగిపోయింది.

"నొప్పా నానా?"

"లేదు. ఆపుతావో లేదో చూశా," అని మళ్లీ నోరు తెరిచారు.